ఎర్రవెలుగుకు మోగని గంట

నమోదు 41

ఎర్రవీధి చిట్టా రాసే వంతు నాకొచ్చింది. నా ముందు రాసిన కామేశు ప్రతిసారీ "అంతా క్షేమం" అని ఒకే ముక్క రాసి చేతులు దులుపుకున్నాడు. పెళ్లాం దగ్గరైనా చిట్టా దగ్గరైనా వాడికి రెండో మాట రాదు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను, అందులో ఏడోది రెండుసార్లు. అంచేత ఈ సన్యాసమ్మకు మాటల కరువు లేదు.

ఈ వేళ పనులు: మంచుబళ్లు లోపలికొచ్చాయి. తలుపు పలకల మీద పట్టిన నూగుమంచు తుడిచాను. సభగది వంటింటికి వెళ్లి చారు కాచాను. చందమామ మీద చారు వడ్డించడానికి ఓపిక కావాలి. గరిటె వంచాక అది గిన్నెలోకి దిగేలోపు పక్కింటి కబురు సగం చెప్పుకోవచ్చు.

అంతా క్షేమం కాదు. వీధి చివరింట్లో మా ఆడపడుచు నూకాలు బల్ల మీద గ్లాసు పెట్టింది. అది నెమ్మదిగా, పెళ్లికి పిలుపులకు బయల్దేరిన పెద్దమనిషిలా నడుచుకుంటూ పోయి అంచు దాటింది.

"ఒదినా, సూసినావా? ఇది నీ పనే."

"నానేటి సేసినానే?"

"మొన్న నా దిండులో బఠానీలు పోసినావు కదేటి."

బఠానీల మాట నిజమే. గ్లాసు సంగతి మాత్రం నాకు తెలీదు. నూకాలు నమ్మలేదు. బల్ల కింద దూరి దారం కోసం, అయస్కాంతం కోసం వెతికింది. అంత లావు మనిషి బల్ల కింద ఇరుక్కుంటే లాగడానికి నేనూ కామేశూ ఇద్దరం కావలసివచ్చింది. ఆ లాగడంలో నా చెయ్యి నేలకు ఆనింది.

నేల వెచ్చగా ఉంది. ఎవరో అప్పటిదాకా కూర్చుని లేచిన పీటలా.

నమోదు 42

మా గుంటలో ఎండ పడదు. ఎప్పుడూ పడలేదట. అందుకే ఇక్కడ మంచు ఉంది, అందుకే మేం ఉన్నాం. మా ఇళ్ల కింద ఉన్నది కూడా మట్టి కలిసిన మంచే. చల్లగా ఉన్నంత కాలం బండరాయి. వెచ్చబడిందా, చెప్పాపెట్టకుండా ఆవిరై జారుకుంటుంది.

వెచ్చబెట్టేది ఎవరో కనుక్కోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నారింజ వీధి వాళ్ల స్నానాలకు తిరిగే వేణ్ణీళ్ల గొట్టం సభగది గోడ వెనకనుంచి దిగి, మా వీధి కిందుగా పోయి, మళ్లీ వాళ్ల వీధిలో తేలుతుంది. దాని చుట్టూ కప్పిన దూది ఎక్కడో ఊడిపోయి ఉంటుంది.

నూకాలు ఇంటికీ వీధికీ మధ్య ఒక అతుకు ఉంది. నేల ఇంకొంచెం కుంగితే అది విడుతుంది. విడితే గాలి పోతుంది. గాలి పోయేలోపు వీధి మూసేస్తారు, మమ్మల్ని తలా ఒక వీధికి పంచేస్తారు. ఎవరి పెరటి గదిలోనో ఎవరి అంట్లో తోముకుంటూ బతకాలి. ఇదీ సంగతి. గొట్టం పక్కకు జరిపితే సరిపోతుంది. జరపమని సభ చెప్పాలి. సభకు మేం చెప్పాలి.

అక్కడే వచ్చింది చిక్కు.

మా దగ్గర ఫిర్యాదు నోటితో చేస్తే చెల్లదు. మొదట్లో వచ్చినవాళ్లకు రేడియోలు పాడైపోయి, గుంటలో ఈ చివరనుంచి ఆ చివరకు పలకలతోనే వెలుగు కొట్టుకుని మాట్లాడుకున్నారట. పలక చిత్రమైన వస్తువు. కరెంటిస్తే వెలుగిస్తుంది, వెలుగిస్తే కరెంటిస్తుంది. చెప్పేదీ అదే, వినేదీ అదే. ఆ రోజుల గౌరవార్థం ఇప్పటికీ ఎవరింటి పలక వాళ్లు సభకు పట్టుకెళ్లి సభ పలక ఎదుట వెలిగించాలి. దానికి కరెంటు పుట్టి గంట మోగితే సభాపెద్ద "విన్నాను" అంటాడు. ఆ మాట అన్నాక పని జరిగి తీరాలి. మోగకపోతే చెప్పింది చెప్పనట్టే.

సభ పలక నారింజరంగుది. మావి ఎర్రవి. ఎర్రపలకకు ఆ గంట ఏనాడూ మోగలేదు. నారింజ వీధి పిల్లకాయలు మా వీధి మొదట్లో నిలబడి వెలుగు కొడితే మాత్రం మా ఇళ్ల గంటలన్నీ గణగణమంటాయి. మనం గొంతు తక్కువ వాళ్లమని మా వాళ్లూ ఒప్పేసుకున్నారు.

నమోదు 43

పార్వతీశం గారింటికి వెళ్లాను. నారింజ వీధిలో మంచి మనిషి. మా వీధికి ఏం కావలసినా తన పలక పట్టుకొచ్చి మా తరఫున ఆయనే మోగిస్తూ వచ్చాడు. బదులుగా ఆయన పచ్చళ్లన్నీ నేనే పెడతాను. ఒకసారి ఆవకాయ జాడీలో రబ్బరు బల్లి పెట్టాను గానీ, ఆయన దాన్ని కూడా నవ్వుతూనే పక్కకు తీసి తిన్నాడు.

"గొట్టం జరపడమంటే మాటలా సన్యాసమ్మా? జరిపినంత కాలం మా వీధికి వేణ్ణీళ్లుండవు."

"కొన్నాళ్లు సన్నీళ్లు పోసుకోండి బాబూ."

"నాకు కీళ్లనొప్పులు."

"మా ఇల్లు కుంగిపోతన్నాది బాబూ."

"అయ్యో పాపం," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. పలక మాత్రం గోడ మీంచి దించలేదు.

ఆయన పలక కాజేసి నేనే మోగించేద్దామనుకున్నాను. కానీ ప్రతి పలక వెనకా ఇంటిపేరు చెక్కి ఉంటుంది, సభాపెద్ద ముందు అది చూస్తాడు. వచ్చేటప్పుడు ఆయన చెప్పులు రెండూ ఎడమకాలివి అయ్యేలా ఏర్పాటు చేసి వచ్చాను. మనసు కాస్త తేలికపడింది.

నమోదు 44

నూకాలుకు ఒక ఆలోచన వచ్చింది. ఆమెకు ఆలోచన రావడం మా వీధిలో పండగ లాంటిది.

"ఒక్క పలకకి గొంతు సాలదు. అందరివీ కలిపి ఒక్కసారి ఎలిగిద్దుము. అప్పుడెందుకు మోగదో సూద్దుము!"

అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. ఒకడి కేక వినకపోతే పదిమంది కలిసి అరుస్తాం కదా. వీధి వీధంతా పలకలు ఊడదీసుకుని సభగదికి ఊరేగింపుగా వెళ్లాం.

సభాపెద్ద కూర్మారావు గారు నిదానమైన మనిషి. ఒక్కో పలకా తిప్పి ఇంటిపేరు చూశాడు. "కానివ్వండి," అన్నాడు.

అన్నీ ఒక్కసారి వెలిగించాం. గదంతా దానిమ్మకాయ లోపలిలా అయిపోయింది. కూర్మారావు గారి తెల్లచొక్కా ఎర్రబడింది, గోడలెర్రబడ్డాయి, నేను కాచిన చారు కూడా ఇంకాస్త చారులా కనిపించింది. కళ్లు తెరవలేకపోయాం.

గంట మోగలేదు. కనీసం సణగలేదు.

"బాబుగారూ, గొట్టం ఏడికి మా నేల కుంగిపోతన్నాది," అన్నాను.

"భోజనాలయ్యాయా సన్యాసమ్మగారూ?"

"అయినాయి. మా నేల..."

"ఈ వేళ చారు బాగుంది. మిరియాలు ఎక్కువ పడ్డాయేమో."

"ఎదురుగానే కూకున్నారు. మిరియాలు ఇనబడ్డాయి, నేల ఇనబడ్నేదా?"

ఆయన తల వంచుకున్నాడు. "నా చేతిలో ఏముందండీ. గంట మోగలేదు. ఈ వేళ మీకోసం నియమం తప్పిస్తే, రేపు ఇంకెవరి గంటో మోగినా నేను విననక్కర్లేదు కదా."

చెడ్డ మనిషయితే తిట్టి సుఖపడేదాన్ని. ఆ భాగ్యం కూడా లేకపోయింది.

నమోదు 45

పార్వతీశం గారి కూతురు ఇందుమతి పలకల మరమ్మతు పని చేస్తుంది. పెద్ద చదువు చదివింది, అయినా మనిషి మంచిది. నిన్నటి ఊరేగింపు సంగతి తెలిసి తనే మా ఇంటికొచ్చింది.

"అన్ని పలకలు కాదు పిన్నీ, గుంటనిండా ఎర్రపలకలు పరిచినా అది మోగదు."

"అంత పొగరేటి దానికి?"

"పొగరు కాదు, ఎత్తు. పలకంటే అర్ధవాహకం. అందులో ఎలక్ట్రాన్లు కింద గదిలో కూర్చుని ఉంటాయనుకో. పైన అటక ఉంది. మధ్యలో నిచ్చెన లేదు, ఒక్క మెట్టు కూడా లేదు. ఎక్కితే ఒక్క గెంతులో అటకెక్కాలి, లేకపోతే కిందే ఉండాలి. సగంలో వేలాడ్డం కుదరదు."

"మా కామేశు బతుకంతా సగంలోనే ఏలాడతన్నాడు."

"వాడు ఎలక్ట్రాన్ కాదులే. వెలుగు ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఒక్కో ముక్కా ఒక్కో ఎలక్ట్రాన్‌ని ఒక్క తోపు తోస్తుంది. ఆ తోపుకి అటక అందితే అది పైకెళ్తుంది, కరెంటు పుడుతుంది, గంట మోగుతుంది. అందకపోతే వెలుగు ఆ ఎలక్ట్రాన్‌ని పట్టించుకోకుండా దాటిపోతుంది. నారింజ ముక్క తోపు కాస్త పెద్దది, ఎరుపు ముక్క తోపు కాస్త చిన్నది. మీరు తెచ్చినవి బోలెడు చిన్న తోపులు. చిన్న తోపులన్నీ కలిపినా ఒక పెద్ద తోపు అవదు."

"మరి మా ఎర్రపలక ఎలుగు ఎక్కడినుంచొస్తాది?"

"అదే అటక మీంచి. కరెంటిచ్చి ఎలక్ట్రాన్లని పైకి పంపిస్తాం. అవి కిందకి దూకినప్పుడు, ఎంత ఎత్తునుంచి దూకితే అంత తోపున్న వెలుగు బయటకొస్తుంది. మీ అటక పొట్టిది, అందుకే ఎరుపు. సభ పలక అటక కాస్త పొడుగు."

నా బుర్ర కూడా అలాంటిదే, చదువు కొంత ఎక్కింది, కొంత దాటిపోయింది. ఇది మాత్రం ఎక్కింది.

"అయితే ఇందమ్మా, మా అటక పొట్టిది కాబట్టే కదా ఎవడెలుగు కొట్టినా మా గంట మోగుతాది?"

"అంతే."

"అంటే మేము గొంతు తక్కువోళ్లం కాదు. సెవులు ఎక్కువోళ్లం."

ఆ పిల్ల నవ్వలేదు. "నేను పలక పట్టుకున్నప్పుడల్లా మోగింది పిన్నీ. అంచేత మోగనివాళ్ల గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు," అంది. ఇంటి పలక తండ్రిది. ఆయన ఇవ్వనిదే ఈమె మా తరఫున వెళ్లలేదు. అడిగి చూసిందట. కీళ్లనొప్పులు.

వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది. "అటక ఎత్తు ఎప్పుడూ ఒకేలా ఉండదు. చలికి కాస్త లేస్తుంది, వేడికి కాస్త దిగుతుంది. మీ పలకని బాగా చలికి పెడితే వెలుగు నారింజవైపు జరుగుతుంది. కానీ అది ఒక్కటే చాలదు. సభ పలక కూడా బాగా వేడెక్కి దాని అటక దిగాలి. గోడకి బిగించిన పలకని ఎవరు వేడిచేస్తారు?"

సభ పలక ఉన్న గోడకు అవతలి పక్క నా వంటిల్లు. ఆ గోడ మీదే నా మసిగుడ్డలు ఆరేస్తాను. గంజి పెట్టినట్టు కరకరా ఆరిపోతాయి. ఎందుకంటే గోడలోంచి పోయేది ఆ గొట్టమే.

నమోదు 46

నూకాలు ఇంటి తలుపు బిగుసుకుపోయింది, నూకాలు లోపల ఉండగా. గడ్డపార పెట్టి నేనూ కామేశూ ఎత్తి తెరిచాం. బయటికొచ్చి మొదట అన్నమాట, "ఒదినా, ఇది కూడా నీ పని కాదు కదా?" నాకు నవ్వు రాలేదు. అతుకు దగ్గర వెంట్రుకంత సందు కనబడుతోంది. తారు పూశాం. నూకాలు పక్కకు తిరిగి ముక్కు చీదుకుంది. తన పెళ్లి కూడా ఆ ఇంట్లోనే జరిగింది.

మధ్యాహ్నం మంచుబండి వాళ్లతో మా పలక ఒకటి బయటికి పంపించాను. చీకటిలో, పచ్చి మంచు మీద పెట్టి ఉంచారు. వచ్చాక వెలిగించి చూశాం. ఎరుపు కాస్తా పండిన రేగుపండు రంగులోకి, ఇంకా కాస్త అటువైపు జరిగింది. చూస్తూండగా గది వెచ్చదనానికి మళ్లీ ఎర్రబడిపోయింది. సిగ్గుపడ్డట్టు.

ఇందుమతి చెప్పినట్టే. ఆమెను పిలిచి నా మనసులో ఉన్నది చెప్పాను. గొట్టం కుళాయి వంటింట్లో నా చేతికిందే ఉంది. పూర్తిగా తిప్పితే గోడ కాగిపోతుంది.

"మోసం కదా పిన్నీ?"

"గంట మోగాలన్నారు. గోడ ఎంత సల్లగా ఉండాలో సెప్పినారా?"

ఇందుమతి గోళ్లు కొరుక్కుంది. "నన్నడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను."

"నువ్వు సెప్పక్కర్లేదు. నానే సెప్తాను."

"ఇంకో సంగతి. కుళాయి పూర్తిగా తిప్పితే ఆ వేడంతా పోయేది నూకాలత్త ఇంటి కిందకే. అతుకు ఆగుతుందో లేదో నేను చెప్పలేను."

అదీ బేరం. సభలో మోగితే వీధి దక్కుతుంది. మోగకపోతే మా చేత్తోనే మా వీధి విప్పుకున్నట్టు. నూకాలు వైపు చూశాను. జీవితంలో మొదటిసారి ఆమెతో పరాచికం ఆడకుండా అడిగాను.

నూకాలు మంచం మడిచింది. పళ్లెం, గ్లాసు, మొగుడి ఫొటో దుప్పట్లో మూటకట్టింది. మూట నా చేతికిచ్చింది.

"తిప్పీ. మోగకపోతే మాత్రం నీ ఇంట్లోనే ఉంటాను, సచ్చిందాకా."

నన్నింత ఘోరంగా ఇంతవరకు ఎవరూ బెదిరించలేదు.

నమోదు 47

వంటకని తొందరగా వెళ్లాను. కుళాయి తిప్పాను. చారు పొయ్యి మీద పడేశాను. గోడ మీద ఆరేసిన గుడ్డ అట్టలా బిగిసి, దానంతట అదే జారి పడింది.

సభ మొదలయ్యే వేళకు మంచుపెట్టె మోసుకుంటూ నూకాలు వచ్చింది. వెనకాల వీధి వీధంతా. పార్వతీశం గారు కూడా వచ్చి మూల కూర్చున్నాడు, రెండు ఎడమచెప్పులతోనే. నేనెవరి కేసీ చూడలేదు.

"మళ్లీనా?" అన్నాడు కూర్మారావు గారు జాలిగా. "భోజనం తెచ్చుకున్నారా?" పెట్టె చూసి అడిగాడు.

"మా పలకండి. కాస్త సలువ సేసింది," అంది నూకాలు.

పెట్టె తెరిచి దుప్పటి మడతలోంచి పలక తీశాం. తీయగానే తెల్లగా నూగు పట్టింది. ఇందుమతి ముందే చెప్పింది, పొడిగుడ్డతో తుడుస్తూనే ఉండాలని. నేను తుడుస్తున్నాను, నూకాలు పట్టుకుంది. కూర్మారావు గారు ఇంటిపేరు చూడబోయి "అబ్బా" అని వేలు వెనక్కి తీసుకున్నాడు. అయినా ఊదుకుంటూ వంగి చదివాడు. నియమం నియమమే.

"కానివ్వండి."

వెలిగించాం. రేగుపండు రంగు.

గంట మోగలేదు. నూగు పడుతోంది, తుడుస్తున్నాను. వెలుగు మెల్లగా ఎర్రవైపు జారుతోంది, మాకిక ఎంతోసేపు లేదు. "దగ్గరికి ఎల్లు," అన్నాను. నూకాలు అడుగు వేసింది. ఇంకో అడుగు. పలక పలకకు ఆనేంత దగ్గరగా.

ణ్...

అది గంటే. జలుబు చేసిన గంటలా, గొంతు సవరించుకున్నట్టు. మళ్లీ ణ్... ణంగ్.

మా వీధి వాళ్లెవరూ అరవలేదు. అరిస్తే ఆగిపోతుందేమోనని. కూర్మారావు గారు లేచి, పలకకూ పలకకూ మధ్య కాగితం అడ్డం పెట్టాడు. ఆగింది. తీశాడు. మోగింది. ఇందుమతి వైపు తిరిగాడు.

"వెలుగుకేనా అమ్మా?"

"వెలుగుకేనండీ."

"ఇన్నాళ్లూ మోగనిది ఈ వేళెలా మోగింది?"

ఇందుమతి నా వైపు చూసింది. ఇక్కడ నేనొక మంచి అబద్ధం చెప్పగలను. దేవుడి మీద పెట్టగలను, చారు మీద పెట్టగలను. మూడు నాలుగు అబద్ధాలు నాలుక మీద వరసలో నిలబడ్డాయి కూడా.

"బాబుగారూ, మీ పలక పక్కన గోడ మీద ఒకపాలి సెయ్యెయ్యండి."

ఆయన వేశాడు. వేసిన చెయ్యి వెంటనే తీసేశాడు. ఈసారి ఊదుకోలేదు. చేతికేసి చూసుకుంటూ ఉండిపోయాడు.

"కుళాయి నానే తిప్పినాను. ఏడికి మీ పలక కాస్త వంగింది, సలికి మాది కాస్త లేచింది. అంతే. ఇది గోడ కాబట్టి మీ సెయ్యి కాలింది. మా ఇంటి కింద ఇదే గొట్టం, గోడ నేదు, మంచే. మీ నీళ్లు తిరుగుతన్నంత కాలం అది కరుగుతానే ఉంటాది."

మూల పార్వతీశం గారు తన చెప్పులకేసి చూసుకున్నాడు.

కూర్మారావు గారు కుర్చీలో కూర్చున్నాడు. నన్ను వెళ్లగొడతాడనుకున్నాను. కుళాయి తిప్పినందుకు వంటపని ఊడుతుందనుకున్నాను. ఆయన కాలిన అరచెయ్యి తొడ మీద పెట్టుకున్నాడు.

"విన్నాను," అన్నాడు.

నమోదు 48

కుళాయి కట్టేశాను. అతుకు ఆగింది. తారు మాత్రం మళ్లీ పూశాం. గొట్టం తవ్వేవాళ్లు వచ్చారు. నారింజ వీధి చన్నీళ్లు పోసుకుంటోంది, ఆ కేకలు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. పార్వతీశం గారికి నీలగిరి నూనె పంపించాను. ఇది నిజంగా నీలగిరి నూనే. ఆయన నమ్మక ముందు పక్కింటి పిల్లవాడి కాలికి రాసి చూశాడట.

నూకాలు ఇంకా నా ఇంట్లోనే ఉంది. ఆమె గురకకు నా పలక మీది నూగు దానంతట అదే రాలిపోతోంది.

నమోదు 52

గొట్టం జరిగింది. సభగది గోడ చల్లబడింది. అంటే సభ పలక అటక మళ్లీ లేచింది, మా వెలుగుకు గంట మళ్లీ మోగదు. ఈ సంగతి అందరికన్నా ముందు కూర్మారావు గారికే తోచింది. ప్రతి ఫిర్యాదుకూ గోడ కాల్చుకోలేం కదా అని ఇందుమతిని పిలిపించాడు.

"ఎవరి వెలుగుకైనా మోగే పలక ఏదమ్మా?"

"అటక అన్నిటికన్నా పొట్టిగా ఉన్నదండీ. ఎర్రపలక."

మా నూకాలు పలకే పట్టుకెళ్లి సభగది గోడకు బిగించారు. పాత నారింజ పలకను పక్కకు జరిపారు.

నమోదు 53

సభగదిలో పని ఏమీ సాగలేదు. ఎర్రపలకకు ఎవరి వెలుగైనా ఒకటే. గదిలో దీపం వెలిగిస్తే మోగుతుంది. తలుపు తీస్తే నడవా వెలుగు పడి మోగుతుంది. కూర్మారావు గారు కళ్లజోడు తుడుచుకుంటే దాని మెరుపుకూ మోగింది. మోగిన ప్రతిసారీ ఆయన అలవాటుగా "విన్నాను" అంటున్నాడు. ఇప్పటికి దీపం ఫిర్యాదు, తలుపు ఫిర్యాదు, తన కళ్లజోడు ఫిర్యాదు వినేశాడు. నేను చారు తీసుకెళ్తూ స్టీలు గిన్నె మూత రెండుసార్లు అటూ ఇటూ తిప్పాను. రెండుసార్లూ విన్నాడు.

చివరకు చీకట్లో సభ జరపాలని తీర్మానించారు. చీకట్లో ఎవరు ఏ వీధి వాళ్లో కనబడలేదు. ఎవరి పలక వెలిగితే వాళ్ల ముఖం మాత్రం కనబడింది.

నూకాలు ఇవాళ తన ఇంటికి వెళ్లిపోయింది. మూట మోసుకెళ్లి దింపాను. తలుపు ఒక వేలితో తోస్తే మూసుకుంది, ఒక వేలితో లాగితే తెరుచుకుంది. బల్ల మీద గ్లాసు పెట్టి ఇద్దరం చాలాసేపు చూస్తూ కూర్చున్నాం. కదల్లేదు.

"ఒదినా," అంది నూకాలు, గ్లాసు మీంచి చూపు తిప్పకుండా, "నా దిండెక్కడ పెట్టినావు?"

"మంచం మీదే ఉన్నాది. పడుకో."

"ముందు నువ్వు పడుకుని సూపించు."

అంతా క్షేమం.